ఎడమ కాలి కడియం

"మా మగబాతులకి గౌన్లు తొడిగిన మహాతల్లివి నువ్వేనా?"

మంగళవారం, పొద్దున తొమ్మిది కూడా కాలేదు. వెర్నా టిల్‌బ్రూక్ ఇంకా కోటు విప్పనే లేదు. ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చెయ్యి కోటులోంచి లాక్కుంటూ, "ఎవరండీ మాట్లాడేది?" అంది.

"మెర్వ్ కోస్టిగన్‌ని. కుర్రాబిన్ జూలో నీటిపక్షుల కాపరిని. కాలు విరిగి ఆరు వారాలు మంచంలో పడి ఉన్నాను. నిన్న చంకల్లో కర్రలేసుకుని పనికొస్తే గేటు దగ్గర ఏడు పెట్టెలు పేర్చున్నాయి. ఇవేంటయ్యా అంటే, చుక్కల బాతులు శుక్రవారం వెళ్ళిపోతున్నాయిట. ఎందుకు వెళ్ళిపోతున్నాయంటే, ఏడూ ఆడవేనట. ఎవడన్నాడురా ఆ మాట అంటే, నీ జాబితా అందిట."

వెర్నా ఆకుపచ్చ సొరుగు లాగి కార్డు తీసింది. చుక్కల బాతు, కుర్రాబిన్: 0.7. చుక్కకి ముందు మగవి, చుక్క తర్వాత ఆడవి. మా దేశంలో ఏ జూలో అడిగినా ఈ లెక్క ఒకటే.

"మీ జూ నుంచి వచ్చిన ఫారంలోనే అలా ఉందండీ."

"అది నా చేతిరాత కాదు తల్లీ. మా జూ నడిపే ఊరి కౌన్సిల్ ఆఫీసులో కుర్చీ అరగదీసే పెద్దమనిషి ఒకడున్నాడు, నేను లేనప్పుడు వాడు లెక్క తీశాడు. కంచె బయట నుంచుని, బూటు తడవకుండా, దుర్భిణీ పెట్టుకుని మరీ. సెప్టెంబరు వస్తేగాని మగదాని ముక్కు ఎర్రబడదు. ఇప్పుడన్నీ ఒకే బూడిద రంగు. అందుకని కాళ్ళు చూశాడు. ఎడమ కాలికి అంకె వేసిన కడియం ఉంటే ఆడది, కుడి కాలికుంటే మగది అని మా షెడ్డు గోడ మీద రాసుంటుందిలే. అన్నిటికీ ఎడమ కాలికే కనపడింది. అంతే, సున్నా పాయింటు ఏడు."

"మరి మగవి ఉన్నాయంటారా?"

"మూడు. ఆర్థర్, క్లారెన్స్, బిషప్. కిందటేడాది పెలికన్ రీచ్ పార్కు మూసేస్తుంటే, మగవి కావాలని నేనే అడిగి తెప్పించుకున్నాను. కాళ్ళెప్పుడూ చూడలేదు. మొహాలు తెలిసినవాడికి కాళ్ళతో ఏం పని?"

వెర్నా ఏదో అనబోయింది గానీ అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది.

దేశంలోని జూలన్నిటి లెక్కలూ చూసే ఆ ఆఫీసులో పదకొండేళ్ళుగా ఆవిడ పని ఒకటే. దేశంలో నలభై మూడు జూలు, పార్కుల్లో ఏ బాతులున్నాయి, ఏ హంసలున్నాయి, ఎక్కడ ఎన్నున్నాయి అన్నది రాసి ఉంచడం. ఏప్రిల్లో ఫారాలు వస్తాయి. వాటిని కార్డుల్లోకి ఎక్కించి, మేలో జాబితా టైపు చేసి అందరికీ పంపుతుంది. ఎవరి దగ్గర ఏ పక్షికి జోడీ లేదో, ఎక్కడ మిగిలి ఉందో ఆ జాబితా చూసే పెద్దలు నిర్ణయిస్తారు. హంసలకి నీలం కార్డు, పెద్ద బాతులకి పసుపు, చిన్న బాతులకి ఆకుపచ్చ. అయినా ఈ పదకొండేళ్ళలో ఆవిడ ఒక్క పక్షినీ చేత్తో ముట్టుకోలేదు. ఆఫీసుకి వచ్చే దారిలోనే చెరువుంది. శాండ్‌విచ్ డబ్బా పట్టుకుని రోజూ దాని పక్కనుంచే నడిచేది.

జాబితా ప్రకారం దేశంలోని జూలన్నిటిలో కలిపి చుక్కల బాతులు ఆ ఏడే. అడవిలోవాటిని పట్టడానికి ఈ కరువు ఏడాదిలో అనుమతి రాదు. మగది లేని ఏడు ఆడబాతుల్ని ఒకచోట ఉంచి లాభం లేదని పెద్దలు తేల్చారు. వాటిని ఐదు ఊళ్ళ చెరువులకి, జనం చూసుకోవడానికి, తలా ఒకటీ రెండూ పంచేస్తారు. ఒకసారి చెదిరిపోయాక వాటిని మళ్ళీ ఒకచోట చేర్చే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ పేరు పక్కన 'ఇక పెంచబోము' అని టైపు చేసింది కూడా వెర్నాయే.

అక్కడ పక్షుల విభాగానికి పెద్ద ఆష్‌డౌన్. మనిషి చెడ్డవాడు కాదు, కాకపోతే తనకి తెలియనిది ఇంకొకరికి తెలుస్తుందంటే నమ్మడు. వెర్నా చెప్పిందంతా కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు.

"చూడు వెర్నా, పక్షి వెళ్ళిపోతోందంటే ప్రతి కాపరికీ తన బాతు మగదైపోతుంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను."

"మగవి కావాలని ఆయనే అడిగారట సార్."

"అడగడం వేరు, అందడం వేరు. పెలికన్ రీచ్ నుంచి వచ్చిన చీటీలో ఏముంది?"

"మూడు పిల్లలు అని ఉంది. ఆడా మగా అన్న గడి ఖాళీ. కాలు గడిలో ఎడమ అని ఉంది."

"ఎడమంటే ఆడది. ఇంకేం కావాలి నీకు?" కళ్ళజోడు పెట్టుకున్నాడు. "బాతుల సంగతి మేం చూసుకుంటాం. నువ్వు టైపు చెయ్యి."

ఆ మాట పదకొండేళ్ళలో ఎన్నిసార్లు విందో ఆవిడకి లెక్క లేదు. ఎప్పుడూ బాధ అనిపించలేదు. ఆ రోజు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకంటే జాబితా కింద సంతకం ఆష్‌డౌన్‌ది కాదు, తనది.

బుధవారం వెర్నా టైపు మిషను మీది గుడ్డ తియ్యలేదు. నిచ్చెన వేసుకుని అటక మీది పెట్టెలు దించింది. పెలికన్ రీచ్ పన్నెండేళ్ళ ఫారాలు నేలంతా పరిచి, చెప్పులు విప్పేసి, వాటి మధ్య మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ పార్కు నడిపినాయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. తుఫానుకి చెరువు గట్టు తెగి పెద్ద పక్షులన్నీ ఎగిరిపోయాక, గేటుకి తాళం వేసి, తన పడవ వేసుకుని ఎటో వెళ్ళిపోయాడు. అడగడానికి మనిషి లేడు కాబట్టి కాగితాల్నే అడగాలి.

ఆయన రాత చూస్తే ఆయనకి 'ఆడ, మగ' అని రాయడం ఇష్టం లేదని తెలిసిపోతుంది. చాలాచోట్ల ఆ గడి ఖాళీ. కాలు గడి మాత్రం ఎక్కడా ఖాళీ లేదు. వెర్నాకి మొదట కోపం వచ్చింది, తర్వాత సంగతి అర్థమైంది. ఏ కాలో రాశాక ఆడో మగో వేరే రాయడం దేనికి అనుకుని ఉంటాడు. తన కడియం సంగతి లోకమంతటికీ తెలుసనుకున్నాడు. మా జూల వాళ్ళందరిదీ ఇదే జబ్బు. ఎవరి చెరువు అలవాటు వాళ్ళకి సూర్యుడు తూర్పున పొడిచినంత ఖాయం.

మరి ఆయన అలవాటు ఏ కాలు? దానికి జవాబు చెప్పగలిగింది గుడ్లు. గుడ్డు పెట్టిన పక్షి ఏ లెక్కలో చూసినా ఆడదే. వెర్నా ఒక్కొక్క ఫారం తీసి, 'గుడ్లు పెట్టింది' అని ఉన్న ప్రతి వరుస కింద పెన్సిల్తో గీత గీసి కాలు గడి చూసింది. నల్ల హంస, ఐదు గుడ్లు: కుడి. కేప్ బారెన్ బాతు, నాలుగు గుడ్లు: కుడి. మరో నల్ల హంస: కుడి. మధ్యాహ్నానికి గుడ్లు పెట్టిన పక్షులు పద్నాలుగు తేలాయి. పద్నాలుగూ కుడి కాలే. పెలికన్ రీచ్‌లో కుడి కాలు ఆడవాళ్ళది. అంటే ఎడమ కాలు మగవాళ్ళది.

నేల మీద కూర్చునే ఆవిడ నవ్వేసింది. ఆ గదిలో ఆవిడ అంత గట్టిగా నవ్వడం ఎవరూ వినలేదు, ఆ రోజు కూడా వినడానికి ఎవరూ లేరు. నలభై మూడు చోట్ల కాగితాలూ చదివిన మనిషి దేశంలో తను ఒక్కతే. అందుకే ఇది తనకి తప్ప ఎవరికీ కనపడదు. తెలిసినవాళ్ళంతా ఎవరి చెరువు దగ్గర వాళ్ళున్నారు.

ఫారాలు బొత్తి పెట్టి ఆష్‌డౌన్ బల్ల మీద ఉంచింది. ఆయన ఓపిగ్గానే తిరగేశాడు. ఆరో ఫారం దగ్గర కనుబొమ్మ పైకి లేచింది గానీ వెంటనే దించేశాడు.

"బావుంది. కష్టపడ్డావు. కానీ ఇవి హంసలూ పెద్ద బాతులూ, ఆ గొడవ చిన్న బాతులది. కాగితం మీద కాగితం పెడితే పక్షి అవదు వెర్నా. నాకు పక్షి కావాలి."

"శుక్రవారం లారీతో మీరే వెళ్తున్నారుగా సార్. ఒకసారి పట్టి, తిరగేసి చూస్తే తేలిపోతుంది కదా."

"తొమ్మిదికి ఎక్కించి చీకటి పడేలోగా ఐదు ఊళ్ళు తిరగాలి. ఒక్కొక్కదాన్నీ తిరగేస్తూ కూర్చోమంటావా? వాళ్ళ జూ రాసిచ్చింది, మనం ఒప్పుకున్నాం."

వెర్నా ఫారాలు తిరిగి తీసుకుంది. "అయితే రేపూ ఎల్లుండీ నాకు సెలవు కావాలి."

"సెలవా? నువ్వా? దేనికి?"

"మీరే అన్నారుగా సార్. పక్షి కోసం."

గురువారం రైలు, ఆ తర్వాత బస్సు. రెండింటికి కుర్రాబిన్ గేటు దగ్గర దిగేసరికి చంకల కింద కర్రలతో ఒక బక్క మనిషి, గోధుమ గడ్డి రంగు మీసంతో, ఏడు పెట్టెల్లో ఒకదాని మీద కూర్చుని మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. ఆవిడ నల్ల బూట్లూ, బూడిద రంగు స్కర్టూ, చేతిలో ఫారాల సంచీ చూసి నమలడం ఆపాడు.

"కౌన్సిల్ నుంచా?"

"గౌన్లు కుట్టే మనిషిని."

మెర్వ్ కోస్టిగన్ మిగిలిన రొట్టెని రెండు ముక్కలు చేసి, పెద్దది ఆవిడకిచ్చాడు.

ఆయన కష్టం మొదటి పది నిమిషాల్లోనే అర్థమైంది. నీళ్ళలోకి దిగాలంటే కాలికి సిమెంటు కట్టు. ఆయన కింద పనిచేసే ఒకే ఒక్క మనిషి పెళ్ళి చేసుకుని టాస్మేనియా వెళ్ళాడు. కౌన్సిల్‌ని మనిషిని పంపమంటే, శుక్రవారం ఎలాగూ లారీతో మనుషులొస్తున్నారుగా, ఈ లోపు పక్షుల్ని బెదరగొట్టొద్దు అన్నారు.

"నేను దిగుతాను," అంది వెర్నా.

"ఎప్పుడైనా బాతుని పట్టావా?"

"నలభై ఏడు జాతుల గురించి రాశాను."

"అదే అడుగుతున్నా. పట్టావా?"

"లేదు."

మెర్వ్ మీసం కింద నవ్వు దాచుకున్నాడు. షెడ్డు వెనక తిరిగే తెల్ల పెంపుడు బాతుని, మాబెల్ అని, గింజలు చల్లి పిలిచి, ఆవిడ చేతిలో పెట్టాడు. "రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకో. గింజుకుంటే రెక్క విరిగేది దానికి, పరువు పోయేది నీకు. కుడి చెయ్యి పొట్ట కింద. కాళ్ళు వేళ్ళ మధ్య. అదీ. ఇప్పుడు నీ చంకలోకి దాని తల తిప్పి, వెల్లకిలా వాల్చు. తోక వెనక్కి మడిచి, రెండు బొటనవేళ్ళతో మెల్లగా విడదియ్యి. మెల్లగా అన్నాను, ఉత్తరం చించుతున్నావా? మాబెల్‌కి ఏమీ ఉండదు. మగదైతే చిన్న వేలంత బయటికొస్తుంది, పొరబడే ప్రసక్తే లేదు."

మాబెల్ ఓర్పుగల బాతు. పదిసార్లు పట్టుకోనిచ్చింది. పదకొండోసారి వెర్నా స్కర్టు పాడుచేసింది.

నాలుగింటికి వెర్నా మెర్వ్ రబ్బరు సూటు ఛాతీ దాకా లాక్కుని చెరువులో దిగింది. ఏడు చుక్కల బాతులూ రెల్లు పక్కన ఉన్నాయి. ఎన్నిసార్లు టైపు చేసిందో ఆ పేరు. మొదటిసారి ఎదురుగా చూస్తే, నిజం చెప్పాలంటే, చూడ్డానికి ఏమీ లేదు. ముదురు బూడిద ఒళ్ళు, దాని నిండా ఆవాలు చల్లినట్టు సన్న చుక్కలు, పైకి వంగిన ముక్కు. జూకి వచ్చే జనం వీటిని దాటుకుని పెలికన్ల దగ్గరికి ఎందుకు పోతారో ఆవిడకి తెలిసింది. అయినా వాటి మీద అంత ప్రేమ ఎందుకు పొంగిందో మాత్రం తెలియలేదు. ఆవిడని చూసి కూడా జనం అలాగే దాటుకుని పోతారు మరి.

వల పట్టుకుని మూడడుగులు వేసింది. నాలుగో అడుగు బురదలో దిగబడింది. ముందుకి పడింది, సూటులోకి నీళ్ళు దూరాయి, బాతులు చెరువు అవతలి గట్టుకి చేరి తల తిప్పి చూశాయి.

"బిషప్‌కి దణ్ణం పెట్టావా?" అని గట్టు మీంచి మెర్వ్.

చీకటి పడేలోగా ఒక్కటీ దొరకలేదు. మెర్వ్ వదినగారు తన ఇంట్లో పడక ఇచ్చి, తడి బట్టలు పొయ్యి పక్కన ఆరేసింది. వెర్నా గొర్రెమాంసం కూర తింటూ, "వాటిని వెంటాడకుండా అవే వచ్చే చోటేదీ లేదా?" అని అడిగింది.

మెర్వ్ చెంచా ఆగిపోయింది. "పొద్దున తిండి మూల," అన్నాడు. "ముప్పై ఏళ్ళుగా అక్కడే వేస్తున్నాను. నీకు పట్టడం నేర్పించాలన్న సరదాలో ఆ సంగతే మర్చిపోయాను."

శుక్రవారం ఆరున్నరకి చెరువు మీద పొగమంచు. నీలగిరి చెట్ల మీంచి మాగ్‌పై పిట్టలు ఒకటే పాట. తిండి మూల అంటే, గట్టుకి ఆనుకుని మూడువైపులా తీగ కంచె, నాలుగోవైపు తలుపు. మెర్వ్ బకెట్ అంచు మీద చెంచాతో రెండుసార్లు కొట్టి, నానబెట్టిన గింజలు లోపల పోశాడు. ముప్పై ఏళ్ళుగా అదే చప్పుడు. ఏడు బాతులూ వరసగా లోపలికి ఈదుకుంటూ వచ్చాయి. మోకాలి లోతు నీళ్ళలో తలుపు వెనక నుంచున్న వెర్నా దాన్ని మెల్లగా మూసి గొళ్ళెం పెట్టింది.

మొదటిది రెండుసార్లు జారిపోయింది. మూడోసారి రెక్కలు ఒంటికి ఆనాయి. దాని గుండె వెర్నా అరచేతిలో కొట్టుకుంటోంది. తర్వాత వెల్లకిలా వాల్చి, బొటనవేళ్ళు పెట్టింది. మెల్లగా.

"ఆడది," అంది. రెండోది ఆడది. మూడోదీ ఆడదే. చూసినదాన్ని చూసినట్టు కంచె మీంచి పక్క మడుగులోకి వదిలేస్తోంది. మెర్వ్ ఏమీ అనడం లేదు, కర్రల మీద బరువు అటూ ఇటూ మారుస్తున్నాడు. పేర్లు చెప్పనని ముందే ఒట్టు పెట్టుకున్నాడు, తన మాట విని చూసినట్టు ఉండకూడదని.

నాలుగోది నడినెత్తి కాస్త కోసుగా, చర్చి బిషప్ టోపీలా ఉన్న బాతు. తిరగేసింది. పొరబడే ప్రసక్తి లేదు.

"ఇది బిషప్ కదూ?"

మెర్వ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి కళ్ళు తడిశాయి, దాచుకోలేదు కూడా. "బిషప్‌ని తిరగేసి చూశామని చర్చిలో చెప్పకు," అన్నాడు.

అదే సమయానికి లారీ హారను వినబడింది. చెప్పిన టైముకి గంట ముందు. ఆష్‌డౌన్ మెరిసే బూట్లతో, ఫారాల అట్ట చంకలో పెట్టుకుని, వెనక ఇద్దరు మనుషులతో గట్టు దిగి వచ్చాడు. కంచె లోపల రబ్బరు సూటులో, జుట్టంతా బురదగా, చేతిలో వెల్లకిలా బాతుతో నుంచున్న మనిషిని గుర్తుపట్టడానికి ఆయనకి టైము పట్టింది.

"వెర్నా?"

"గుడ్ మార్నింగ్ సార్. పక్షి కావాలన్నారు." కంచె మీంచి చేతులు చాపింది. "రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోండి."

ఇద్దరు మనుషులూ చూస్తున్నారు, మెర్వ్ చూస్తున్నాడు. ఆష్‌డౌన్ అట్టని నేల మీద పెట్టి బాతుని అందుకున్నాడు. ఎంతైనా ఆరితేరిన చెయ్యి, క్షణంలో చూసేశాడు. చూసింది చాలక రెండోసారి చూశాడు. దాని ఎడమ కాలి కడియాన్ని వేలితో తిప్పి, అంకె చదివి, వెర్నా సంచీలోంచి పెలికన్ రీచ్ చీటీ అడిగి తీసుకుని పక్కన పెట్టి సరిచూశాడు. ఆయన చేతుల్లో బిషప్ కదల్లేదు.

"పద్నాలుగు పక్షులన్నావు కదూ, గుడ్లు పెట్టినవి?" అన్నాడు చివరికి.

"పద్నాలుగు సార్. అన్నీ కుడి కాలే."

"నేను ఆరు చూసి ఆపేశాను." వెనక్కి తిరిగి, "పెట్టెలు లారీ ఎక్కించండి," అన్నాడు ఇద్దరితో. "ఖాళీవే. బాతులు ఎక్కడికీ రావు."

మెర్వ్ చంకలోని కర్ర తీసి గాల్లో ఒకసారి ఊపి, పడబోయి, కంచె పట్టుకున్నాడు.

"ఇలాంటివి ఇంకెన్ని జూల్లో ఉండొచ్చు వెర్నా?" అని అడిగాడు ఆష్‌డౌన్.

"కాలు గడి ఒక్కటే నింపి పంపేవాళ్ళు మరో ఎనిమిది మంది ఉన్నారు సార్. వాళ్ళ గుడ్ల లెక్క కూడా తియ్యాలి. ఈసారి ఫారంలో ముందు ఒక్క ప్రశ్న పెడదాం, మీ దగ్గర మగదానికి ఏ కాలు అని."

ఆయన తలూపాడు. నేల మీది అట్ట తీసి, కుర్రాబిన్ వరుస వెతికి, పెన్సిల్‌తో పాటు అలవాటుగా కంచె మీంచి ఆవిడకి చాపాడు. ఎప్పుడూ అంతే, ఆయన చెబుతాడు, ఆవిడ రాస్తుంది.

వెర్నా చేతులు పైకెత్తి చూపించింది. మోచేతుల దాకా బురద, వేళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నా చేతులు ఖాళీ లేవు సార్. ఇంకా మూడు చూడాలి," అంది. "నేను చెప్తాను, మీరు రాయండి."

ఆష్‌డౌన్ అట్టని మోకాలి మీద పెట్టుకుని, మెరిసే బూట్లతోనే తడి గట్టు మీద కూర్చుని, పెన్సిల్ పట్టుకున్నాడు. వెర్నా వంగి ఐదో బాతుని రెండు చేతులా ఎత్తింది. ఈసారి అది జారలేదు.

"ఎడమ కాలు," అంది. "మగది."

ఆయన రాసుకున్నాడు.